పొందూరు తువ్వాలు

లోపలికి తీసుకెళ్ళి ఇరవై నిమిషాలైంది. ఆకుపచ్చ తెర కదలడం లేదు, పంకా గాలికి దాని అంచు మాత్రం ఉండి ఉండి లేస్తోంది, లేచినప్పుడల్లా నాలుగు వేళ్ళ సందులోంచి డాక్టరు రమేష్‌బాబు రబ్బరు చెప్పులు కనిపిస్తున్నాయి, అవి కూడా కదలడం లేదు. కదలకపోతే మంచిదే కదా, చేతులు పని చేస్తున్నాయన్నమాట, అనుకుంది కుసుమకుమారి. గర్భసంచి నిండా చీము పట్టిందమ్మా, ఇవాళ తీయకపోతే రేపటికి లోపలే పగిలిపోతుంది, అని చెప్పి ఆయన కాగితం ఆమె ముందు పెట్టాడు. కుక్కకి ఆపరేషన్ అయ్యాక పదిహేను రోజులు తడి తగలకూడదు, ఈ శ్రావణంలో తోటలోని రేకుల పాక కింద కుట్లు ఆరవు, ఇంటికి తీసుకెళ్ళి ఉంచుకునే మనిషి సంతకం పెడితేనే కత్తి పట్టుకుంటాను అన్నాడు. పెట్టింది. యజమాని అన్న చోట, ముప్ఫై ఏళ్ళుగా హాజరు పట్టీల మీద పెట్టే అదే గుండ్రటి సంతకం. పెడుతున్నప్పుడే ఆమెకు తెలుసు, తాను కుక్క కోసం రాలేదు. దేని కోసం వచ్చిందో అది దొరికేసింది, ఇప్పుడు ఒళ్ళో సంచిలో ఉంది. కుక్కను ఆటోలోంచి దించుతూ అందరూ దాని తల పట్టుకున్నప్పుడు ఆమె వంగి ఆటో సీటు మీదినుంచి తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఎవరూ చూడలేదు. ఇక లేచి చీపురుపల్లి బస్సు ఎక్కేయవచ్చు. కుక్కకు పక్కనే ఇంకో ఇల్లు సిద్ధంగా ఉంది, బల్ల మీద రెండో చివర బుల్లమ్మ, చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని, గోడకి తల ఆనించి, నోరు తెరుచుకుని కునుకుతోంది.

నిన్న పొద్దున భర్త ఫోను మోగింది. ఆయన పోయి ఆరు నెలలైనా ఆమె దానికి రోజూ ఛార్జింగు పెడుతూనే ఉంది, ఎందుకని ఎవరూ అడగని చోట, బియ్యం డబ్బా వెనక పెడుతుంది. ఏదో గ్రూపులో ఫొటో. నల్ల కుక్క, నుదుటి మీద తెల్లటి మచ్చ, గవ్వను అతికించినట్టు. గవ్వకి సీరియస్, రేపటిలోగా ఎవరైనా ఇంటికి తీసుకెళ్తేనే బతుకుతుంది, ఇట్లు తులసి. ఆమె కళ్ళు కుక్క మీద నిలవలేదు, కుక్క కింద ఉన్న బట్ట మీద పడ్డాయి. ఎర్రంచు పొందూరు తువ్వాలు. ఆయన హెడ్మాస్టరు అయినప్పుడు తానే శ్రీకాకుళంలో కొన్నది, అంచు పక్కన ఒక పోగు లేచి ఉంటే దుకాణంలోనే బేరమాడి మరీ కొన్నది. బస్సులో పోయిందన్నాడు. ఖద్దరు తువ్వాలు బస్సులో పారేసుకునే మనిషిని మిమ్మల్నే చూశాను అంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. పోలేదు. అది ఎవరి దగ్గరకో వెళ్ళింది. ఆ ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, లేచిన పోగు కనబడేదాకా చూసింది. అప్పుడు ఒళ్ళంతా ఒక వేడి పాకింది, ఆ వేడికి పేరు ఆమెకు వెంటనే తట్టింది, కానీ ఆ పేరు ఒక కుక్క విషయంలో వాడవచ్చా అని ఆగింది. మాట వాడేముందు దాని బరువు చూసుకోండి అని పిల్లలకు చెప్పే మనిషి. చూసుకుంది. సరిపోయింది.

ఇంట్లో ఆయన వాసన ఉన్న గుడ్డముక్క ఒక్కటి లేదు. అది ఎవరి తప్పూ కాదు, తన తప్పే. పదోరోజున బట్టలన్నీ ఇచ్చేయాలి, అది వాళ్ళ ఆనవాయితీ, చాకలి జగ్గమ్మ వచ్చి మూట కట్టుకుపోతుంది. మాసినవి ఎలా ఇస్తాం, రేపు జగ్గమ్మ విప్పి చూస్తే టీచరు ఇంటి బట్టలు ఇలా ఉన్నాయనదా, అని తొమ్మిదో రోజు తెల్లవారుజామునే లేచి పంచెలు, చొక్కాలు, బనీన్లు, ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు విప్పి కొక్కేనికి తగిలించిన గళ్ళ లుంగీ, దిండు గలీబుతో సహా సబ్బునీళ్ళలో నానబెట్టింది. నీలిమందు వేసి జాడించింది. ఆరాక ఇస్త్రీ చేసింది. చుట్టాలు చూసి ఎంత గుండెనిబ్బరమో అనుకున్నారు. పదకొండో రోజు పడుకోబోతూ ఖాళీ కొక్కేన్ని చూశాక గానీ తాను చేసిన పని ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. చాకలింటికి ఎవరైనా ఉతికిన బట్టలు పంపుతారా. తాను పంపింది. ఆ తువ్వాలు మాత్రం తన చేతికి దొరకలేదు కనుక బతికింది, ఒక కుక్క దాని మీద పడుకుని కాపాడింది, దాని గోళ్ళకు, దాని చొంగకు, దాని నిద్రకు ఆరు నెలలు ఆయన దొరికాడు, తనకు సబ్బు వాసన దొరికింది.

"ఏటి టీచరమ్మా, ఆ తెరని అలగ సూస్తన్నావు, పడిపోగల్దు" అంది బుల్లమ్మ కళ్ళు తెరవకుండానే.

బుల్లమ్మది చింతపల్లి ఒడ్డు. తెల్లారే చేపలు వేసుకుని బయల్దేరి, రామతీర్థం దారి ఊళ్ళల్లో అమ్ముకుంటూ పోయి, మిగిలిన తలకాయలు తులసి వాళ్ళ జీడితోటలో కుక్కలకు పోసి వెళ్తుందట, ఎన్నో ఏళ్ళుగా. గవ్వను తానే తీసుకుపోతానని వచ్చింది. పొద్దున తోటలో ఆమెను చూడగానే లేవలేని ఆ కుక్క తోక నేల మీద రెండుసార్లు కొట్టింది. కుసుమకుమారిని చూసి చెవి కూడా కదపలేదు. ఎందుకు కదుపుతుంది. ఆమె ఎవరు దానికి. ప్రతి ఆదివారం ఆయన రామతీర్థం వెళ్తున్నానని చెప్పి వెళ్ళేవాడు, ఈ వయసులో భక్తి పుట్టిందని మురిసిపోయి తానే బుట్టలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, కర్పూరం సర్దేది. రాములవారి కొబ్బరికాయలా మేడమ్, ఇదిగో ఈ రాయి మీదే కొట్టీవోరు, చెక్కలు వీటికి పెట్టీవోరు, కర్పూరం మాత్రం మా నాన్నకి ఇచ్చీసీవోరు, అని తులసి పొద్దున నవ్వుతూ చెప్పింది, అప్పటికింకా ఆమెకు తెలియదు, మాస్టారు రాలేదేమండీ, ఒంట్లో ఇంకా కుదుటపడలేదా అంది ఆ నవ్వుతోనే. చెప్పాల్సి వచ్చింది. మాఘమాసంలో పోయారమ్మా, అంది, తరగతిలో పాఠం మొదలుపెట్టే గొంతుతో. తులసి అక్కడే నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. బుల్లమ్మ గంప దింపి మట్టిలో కూలబడి, ఓలమ్మో, మాస్టారు ఎలిపోనారా, నానూ మందులకని ఏ ఊరో ఎళ్ళారేమో అనుకుంటన్నానే, అని ముక్కు చీదింది. ఆ ఇద్దరి మధ్యా తాను పొడి కళ్ళతో నిలబడింది, ఎవరింటి చావుకో పరామర్శకు వచ్చినదానిలా. ఆ ఏడుపు తనది. ఆరు నెలలుగా రానిది. అది కూడా వీళ్ళే ఏడ్చేశారు.

తెర అంచు లేచింది. చెప్పులు ఒకడుగు పక్కకు జరిగాయి. లోపల పళ్ళెంలో ఇనుము పెట్టిన చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ముప్ఫై ఆరో ఏట తన గర్భసంచీ ఇలాగే తీశారు, మత్తు పూర్తిగా ఎక్కకముందు విన్న ఆఖరి చప్పుడు అదే, ఆయన బయట ఇలాంటి బల్ల మీదే ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, మెలకువ వచ్చేసరికి ఆయన తడి చెయ్యి తన నుదుటి మీద ఉంది, పాలు ఒలికించుకున్నాడు కాబోలు. పిల్లలు ఇక పుట్టరని ఇద్దరికీ తెలిసిన ఆ రోజు గురించి ఇంట్లో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ మరుసటి ఏడే కదూ ఆయన బొబ్బిలి నుంచి వస్తూ చొక్కా లోపల ఒక కుక్కపిల్లను దాచి తెచ్చాడు. అది గడపలో ఉచ్చ పోసింది. ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి, అంది తాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా దాన్ని తీసుకుని మళ్ళీ బస్సెక్కాడు. ఆ మాట తాను మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదన్నమాట, పదహారేళ్ళు దాన్ని అలాగే మడత పెట్టి ఉంచుకుని, చివరికి ఆమె కంటికి దూరంగా ఒక జీడితోటలో విప్పుకున్నాడు. తప్పు ఆయనదని ఎలా అంటుంది. అయినా అంటోంది, లోపల, ఈ బల్ల మీద కూర్చుని అంటూనే ఉంది. ఒక్కసారి చెప్పి ఉంటే. రెండోసారి తెచ్చి ఉంటే. ఏమో, రెండోసారీ అదే మాట అనేదేమో, అది కూడా నిజమే.

దీన్నైనా మింగవచ్చు. మింగలేనిది ఇంకొకటి ఉంది, అది ఆటోలో వస్తూ తులసి కుక్క తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ, ఏదో ఓదార్పు చెబుతున్నాననుకుని చెప్పింది. కిడ్నీలు పాడైనట్టు కాగితం వచ్చిన ఆదివారం ఆయన ఆ జీడిచెట్టు కింద కూర్చుని ముందు గవ్వకే చెప్పాడట. ఒలే గవ్వా, మా ఉద్దానం నీళ్ళు నన్నూ ఒగ్గలేదే, అని. తులసి కల్లాపు చల్లుతూ విన్నదట. ఎప్పుడమ్మా అది, అని అడిగింది కుసుమకుమారి, చాలా మామూలుగా. ఆషాఢంలో మేడమ్, అప్పుడే మొదటి వాన పడింది. తనకు కార్తీకంలో చెప్పాడు. దీపం పెట్టి వచ్చి కూర్చున్నాక, వక్కపొడి నోట్లో వేసుకుంటూ, చిన్న విషయం అన్నట్టు. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం. నాలుగు నెలలు ఈ కుక్క తనకంటే ఎక్కువ భార్య. ఆ నాలుగు నెలలూ తాను ఆ మనిషికి ఉప్పు వేసిన పప్పు పెట్టింది, ఆవకాయ వద్దంటే అలిగింది, మీకు ఈ మధ్య నా వంట నచ్చడం లేదు అంది. కుక్కకు తెలుసు ఎందుకు నచ్చడం లేదో.

తులసి తడి గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చింది. "మేడమ్, మీరేమైనా చూశారేటి, మాస్టారి తువ్వాలు? ఆటోలో దానితోపాటే తెచ్చాను. మత్తు దిగినప్పుడు తెలిసిన వాసన లేకపోతే బెదిరిపోద్ది, కుట్లు తెంచీసుకుంటాదని డాక్టరుగారు సెప్పారు. ఆటో అంతా ఎతికీశాను, నేదు."

"చూడలేదమ్మా" అంది కుసుమకుమారి.

ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వందలమంది పిల్లలు ఇదే మాట ఇదే మొహంతో తన ముందు చెప్పారో, వాళ్ళ చేతులు ఎప్పుడూ సంచి మీదే ఉండేవి, అలా పట్టుబడేవారు. తన చేతులు సంచి మీదే ఉన్నాయి. తులసి మళ్ళీ వానలోకి పరుగెత్తింది. బుల్లమ్మ కళ్ళు తెరిచింది. కాసేపు గోడ మీది కాలెండరు చూసింది. చీర కుచ్చిళ్ళ మీద ఎండిపోయిన పొలుసు ఒకటి గోటితో గీకి పారేసింది.

"టీచరమ్మా, నీ సంచీలోంచి సేప తోక కనపడతన్నాది."

వంగి చూసుకుంది. ఎర్రంచు ఒక మూల బయటికి వేలాడుతోంది, లేచిన పోగుతో సహా. లోపలికి తోసేసింది. చెవులు కాలిపోతున్నాయి.

"దాసుకో, దాసుకో. నానేటి పోలీసునా? నీ పెనిమిటిది నువ్వు తీసుకున్నావు." బుల్లమ్మ గంపను కాలితో దగ్గరికి లాక్కుంది. "గుడ్డ నువ్వు పట్టికెళ్ళు, కుక్కని నాకు ఒగ్గీ. నా ఇల్లు కారతాదనుకో, అయినా దాన్ని మంచం మీద ఏసుకుంటాను, నాను కింద పడుకుంటాను. మాస్టారు దాన్ని ఎంత సూసీవోడో నాకు తెల్దేటి."

నాకు తెలియదు. నీకు తెలుసు, అనుకుంది కుసుమకుమారి. "ఏం చూసేవారు?" అంది, గొంతు కొంచెం గట్టిగానే.

"పక్కలో కూకోబెట్టుకుని ఒకటే కబుర్లు. అదీ అలాగే ఇనీది, ముట్టి పైకెత్తి. కడుపుబ్బా నవ్వీవోడు ఒక్కోపాలి." ఇంట్లో ఆయన ఎప్పుడు అలా నవ్వాడో గుర్తు తెచ్చుకోవాలని చూసింది, దొరికింది ఒకటి, అది కూడా ఆమె తమ్ముడి పెళ్ళిలో. "ఏం కబుర్లు?" "మరింకేటి, నీయే. మా టీచరు ఇలగన్నాది, మా టీచరు అలగ సూసినాది అని. నాకు కుళ్ళొచ్చీది, నా మొగుడు బతికుండగా ఒక్కపాలైనా నా పేరు ఎత్తినాడు కాదు. ఒకనాడు నానే అడిగినాను, మాస్టారూ, ఆ జబ్బు మాట ఇంట్లో సెప్పీరాదా అని. ఏటన్నాడో తెలుసా? సెప్తే ఏడిసీ మనిషైతే ఎప్పుడో సెప్పీద్దును బుల్లమ్మా. మా టీచరు ఏడవదు. దుక్కవొస్తే బట్టలు ఉతుకుతాది. సేతులు ఒలిసిపోయీ దాకా ఉతుకుతాది. అది సూడలేను, అన్నాడు."

కుసుమకుమారి లేచింది. బాత్రూం ఎటు అని అడిగినట్టుంది, ఎవరో వేలు చూపించినట్టుంది. తలుపు గడియ పెట్టింది. పగిలిన అద్దం, పసుపు పచ్చని బొక్కెన, పైకప్పు రేకు మీద వాన. తన చేతులు చూసుకుంది. సబ్బుకు ఒలిచిపోయి ముడతలు పడిన వేళ్ళు, మాఘం నుంచి ఇంట్లో ఉన్నది తనొక్కతే అయినా రోజూ రెండు బొక్కెనల బట్టలు ఉతికిన వేళ్ళు. తెరలు, దుప్పట్లు, ఉతికినవే మళ్ళీ. ఆయనకు ముందే తెలుసు. తెలిసి, ఆ తెలిసిన సంగతి వేరేవాళ్ళకు చెప్పుకున్నాడు. సంచిలోంచి తువ్వాలు తీసింది. విప్పలేదు ముందు, మడతలోనే ముక్కు పెట్టింది. కుక్క. మడత విప్పింది. కుక్క, వాన, ఫినాయిలు, చీము. ఇంకో మూల. జీడిమామిడి ఆకు, చేప. పరీక్ష కాగితంలో ఒక్క అరమార్కు ఎక్కడైనా ఉందేమోనని, పిల్లవాడు తప్పకుండా పాసవ్వాలని, అడ్డంగా నిలువుగా కొట్టివేతల కింద కూడా వెతికినట్టు అంచు వెంట వెతికింది, పోగు దగ్గర ఆగింది, ఊపిరి పట్టి, వదిలి, మళ్ళీ పీల్చింది. చుట్ట వాసన ఉండాలి. సుద్దముక్క వాసన, మెడ దగ్గర చెమట, తెల్లారి కాఫీ. లేదు. ఎక్కడా లేదు. తాను ఉతికి పోగొట్టుకున్నది ఆ కుక్క పడుకుని పోగొట్టింది, మొత్తం తాగేసింది, చుక్క మిగల్చలేదు. దీని కోసమా అబద్ధమాడింది. నల్లా తిప్పింది. నీళ్ళు బొక్కెనలో పడుతున్నాయి, ఆ అలవాటైన చప్పుడుకి చేతులు తమంతట తామే తువ్వాలును నీళ్ళ మీదికి తెచ్చాయి, కిటికీలో సబ్బుముక్క కూడా ఉంది, ఒక్క నిమిషం పని.

"మేడమ్! ఆపరేషన్ అయిపోయింది! లేస్తన్నాది, రండి!" తలుపు మీద తులసి దబదబ.

తెర అవతల గది ఆమె అనుకున్నదానికన్నా చిన్నది. ఇనుప బల్ల మీద గవ్వ పక్కకు పడుకుని ఉంది, పొట్ట గొరిగేసి, కట్టు కట్టి, నాలుక ఒక పక్కకు జారి, ఇంత చిన్నదా ఇది, ఫొటోలో ఎంత పెద్దగా కనబడింది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, చూపు లేదు. ఉన్నట్టుండి ఒళ్ళంతా వణికి కాళ్ళు గాలిలో తన్నడం మొదలుపెట్టింది, గొంతులోంచి సన్నగా ఒక అరుపు, అది కుక్క అరుపులా లేదు. పట్టుకోండి, కుట్లు తెగుతాయి, అన్నాడు డాక్టరు. తులసి కాళ్ళు పట్టుకుంది. బుల్లమ్మ ముందుకు తోసుకువచ్చి దాని చెవిలో, "గవ్వా, ఒలే గవ్వా, నానేనే, బుల్లమ్మని" అంది. తోక కొట్టలేదు. విననేలేదు. ఇంకా ఎక్కువ తన్నుకుంది. బుల్లమ్మ తలెత్తి కుసుమకుమారి వంక చూసింది, తర్వాత సంచి వంక చూసింది.

తువ్వాలు సంచిలో లేదు, చేతిలోనే ఉంది, పొడిగానే ఉంది. అందరూ చూస్తుండగా, తులసి కూడా చూస్తుండగా, కుసుమకుమారి దాన్ని విప్పి కుక్క మూతి కింద పరిచింది. ఏమీ కాలేదు. ఉంటే కదా అవడానికి, అనుకుంది, నేను మూల మూలా చూశాను. అప్పుడు దాని ముక్కు కదిలింది. నల్లటి తడి ముక్కు, రెండు రంధ్రాలూ సన్నగా విచ్చుకుని, మూసుకుని, మళ్ళీ విచ్చుకుని, అంచు వెంట కొంచెం జరిగింది. లేచిన పోగు దగ్గర ఆగింది. అక్కడే ఆగింది. లోపలికి ఒక పెద్ద ఊపిరి పోయింది, ఎంత పెద్దదంటే కట్టు కట్టిన పొట్ట లేచింది. కాళ్ళు ఆగిపోయాయి. వణుకు తగ్గింది. తోక చివర ఇనుప బల్ల మీద ఒక్కసారి టప్పున కొట్టింది.

ఉన్నాడు. ఇంకా ఉన్నాడు ఇందులో. ఆరు నెలలైనా, ఇంత చీము కింద, ఇంత చేప కింద, తనకు దొరకకుండా, దీనికి దొరుకుతూ. ఆ వేడి మళ్ళీ లేచింది, ఈసారి దాని పేరు వెతుక్కోవలసిన పని లేదు, ముప్ఫై ఏళ్ళు పక్కలో పడుకున్న తన ముక్కుకు అందనివాడు ఈ ఊరకుక్క ముక్కుకు అందుతున్నాడు, దాని మొహం చూస్తే తెలుస్తోంది, మత్తులో కూడా ఎంత హాయిగా ఉందో. తీసేసుకోవాలనిపించింది. నిజంగానే చెయ్యి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి తువ్వాలు మీద కాక, కొంచెం పైన, ఆ గవ్వ మచ్చ మీద ఆగింది. వెచ్చగా, గరుకుగా ఉంది.

"నీ సంతకమే కదా, తోలుకెళ్ళు" అంది బుల్లమ్మ వెనకనుంచి, ముక్కు చీదుతూ. "ఆదివారాలు సేపలట్టుకుని నానే మీ సీపురుపల్లి వస్తాన్లే. ఆ తువ్వాలు మాత్తరం ఉతికీకు టీచరమ్మా, నీకు దండం పెడతాను."

కుసుమకుమారికి కళ్ళు మసకబారాయి. తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి చేతిలో గుడ్డ లేదు. ఆ మసకలోనే వంగింది, చుట్టూ ఇంతమంది ఉన్నారని కూడా చూడకుండా, దాని చెవికి నోరు ఆనించి, ముప్ఫై ఏళ్ళు తరగతిలో దిద్ది దిద్ది తన నోట కూడా మాన్పించుకున్న ఊరి మాటలో, ఆయన మాటలో, మెల్లగా అంది:

"అంతా నువ్వే పీల్చీకే. నాకూ కొంచెం ఉంచు."